వేళ్లు పట్టుకున్న గోడలు: రాస్ దీవి బంగళా విషయమై అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులకు,

నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం మీద, అంటే జనం ఇప్పటికీ రాస్ దీవి అని పిలిచే చోట, కట్టడాలు చూసేవారికీ, చెట్లు చూసేవారికీ, పడవ దిగే సందర్శకుల భద్రత చూసేవారికీ కలిపి రాస్తున్న లేఖ ఇది.

విషయం: రెండో ప్రపంచ యుద్ధకాలంలో జపాన్ నౌకాదళ అధిపతి కొలువున్న చీఫ్ కమిషనర్ బంగళా శిథిలాలు కూలకుండా కాపాడటం గురించి.

దీవిలో దారులు శుభ్రంగా ఉంటున్నాయి, చెత్త కనిపించడం లేదు. అందుకు మా కృతజ్ఞతలు. ఇక అసలు సంగతి. ఈ బంగళా గోడల గురించి ఇంతకుముందు పెట్టుకున్న అర్జీలకు జవాబు రాలేదు. ఒకచోట అడిగితే చెట్టు తమ పరిధిలోది కాదన్నారు, ఇంకోచోట అడిగితే గోడ తమది కాదన్నారు. కానీ ఈ బంగళాలో గోడ ఎక్కడ అయిపోయి చెట్టు ఎక్కడ మొదలవుతుందో విడదీసి చెప్పగలవాళ్లు ఎవరూ లేరు. రెండూ కలిసి ఒకే కట్టడం అయిపోయాయి. దాన్ని ఒకే కట్టడంగా చూసి, ఒకే చేతికి అప్పగించి, మరమ్మతు చేయించమని అడగడానికే ఈ లేఖను అందరి ముందూ పెడుతున్నాం.

ముందు ఈ ఇల్లు ఏమిటో చెప్పుకోవాలి. 1858లో బ్రిటిష్‌వాళ్లు అండమాన్‌లో ఖైదీల వసతి మొదలుపెట్టినప్పుడు పరిపాలనకు ఎంచుకున్నది ఈ చిన్న దీవినే. చర్చి, బేకరీ, ముద్రణాలయం, విద్యుత్ కేంద్రం, క్లబ్బు, శ్మశానం, అన్నీ చదరపు కిలోమీటరు కూడా లేని ఈ నేల మీదే కట్టారు. వాటన్నిటిలో పెద్ద హోదా ఉన్నది అండమాన్‌ను ఏలిన చీఫ్ కమిషనర్ బంగళాకి. కూలి చేసింది మాత్రం శిక్ష పడి సముద్రం దాటించిన మన ఖైదీలు. 1941 జూన్ 26న వచ్చిన పెద్ద భూకంపానికి దీవి దెబ్బతింది, కార్యాలయాలు పోర్ట్‌బ్లెయిర్‌కి (ఇప్పుడు అధికారిక పేరు శ్రీ విజయపురం) తరలిపోయాయి. 1942 మార్చి 23న జపాన్ సేనలు దిగాయి. ఈ బంగళా జపాన్ నౌకాదళ అధిపతి నివాసం అయింది, అక్కడి నుంచే అధికారం నడిచింది. జెట్టీ దగ్గర కనిపించే కాంక్రీటు బంకర్లు ఆ కాలానివే. 1943 డిసెంబర్ 29న ఆజాద్ హింద్ ప్రభుత్వాధినేతగా నేతాజీ వచ్చినప్పుడు బస చేసింది ఈ ఇంట్లోనే. మర్నాడు పోర్ట్‌బ్లెయిర్ జింఖానా మైదానంలో త్రివర్ణ పతాకం ఎగరేశారు.

బంగళాలో ఆ అతిథి మర్యాదలు జరుగుతున్న రోజుల్లోనే, ఎదురుగా నీళ్లకు అవతల సెల్యులార్ జైల్లో పంజాబీ కవి, వైద్యుడు డాక్టర్ దివాన్ సింగ్ చిత్రహింసలు అనుభవిస్తున్నారు. 1944 జనవరి 14న ఆయన చనిపోయారు. అదే నెల 30న దక్షిణ అండమాన్‌లోని హంఫ్రీగంజ్‌లో గూఢచారులన్న నింద వేసి 44 మందిని కాల్చి చంపారు. ఈ ఇంటి గోడలకు ఈ రెండు చరిత్రలూ సాక్ష్యమే. ఒకటి చెప్పి ఇంకొకటి దాచకూడదు. ఆ మాట మళ్లీ కింద వస్తుంది.

ఇప్పుడు గోడల దగ్గరికి వద్దాం. పైకప్పు ఎప్పుడో పోయింది. మిగిలినవి సున్నంతో కట్టిన ఇటుక గోడలు, వాటిని చుట్టుకున్న మర్రి జాతి చెట్ల వేళ్లు. దగ్గరికి వెళ్లి ఒక్క వేరును చూడండి. గోడ నెత్తిన పుట్టి, ఇటుకల మీదుగా కరిగిన మైనంలా కిందికి జారి, ముంజేయంత లావయ్యాక బల్లపరుపుగా అణిగి గోడకు అతుక్కుంది. పక్క వేరుతో కలిసినచోట రెండూ ఒకటైపోయి గళ్ల వలలా అల్లుకున్నాయి. ఆ గళ్లలో ఇటుకలు ఇరుక్కుని ఉన్నాయి. కొన్ని ఇటుకల చుట్టూ సున్నం చూద్దామన్నా లేదు. వాటిని పట్టుకుని ఉన్నది ఒక్క వేరే.

ఇదెలా జరుగుతుందంటే, పావురాలు, గోరింకలు మర్రిపండు తిని గోడ నెత్తిన రెట్ట వేస్తాయి. సందులో చిటికెడు మట్టీ, తడీ ఉంటే గింజ మొలుస్తుంది. వెంట్రుకంత వేరు మెత్తబడిన సున్నంలోకి దిగుతుంది. నేల అందేదాకా మొక్క నెమ్మదిగానే పెరుగుతుంది. నేల అందిన రోజు నుంచీ దాని జోరే వేరు. సందులో ఉన్న వేరు లావెక్కి ఇటుక వరసలను మేకులా చీలుస్తుంది. గోడ బయట ఉన్న వేరు మాత్రం పట్టీలా బిగిస్తుంది. లోపలి వేరు గోడను విప్పుతుంటే బయటి వేరు గోడను కడుతోంది. ఈ తేడా తెలియకుండా చెట్టు మీద కత్తి పెట్టినా, తెలియక అలాగే వదిలేసినా గోడ కూలడం ఖాయం.

చెట్టు కొట్టేస్తే గోడ బతుకుతుందన్నది పెద్ద పొరపాటు. పెద్ద మాను నరికితే ఆ ఏడాది ఏమీ కాదు, పని బాగానే జరిగిందనిపిస్తుంది. కొన్నేళ్లకు గోడలోపలి వేరు పుచ్చి పొడి అవుతుంది. వేరు ఉన్నంత మేరా బొరియ మిగులుతుంది, అందులోకి వాన నీరు, చీమలు, చెదలు చేరతాయి. బయటి వల కూడా ఎండి ఊడిపోతుంది. పట్టు పోయిన గోడ ఏదో ఒక వానాకాలంలో ఒరిగిపోతుంది. అప్పుడు చూసేవాళ్లు దాన్ని వాన పనే అనుకుంటారు.

ఇక వాన లెక్క. అండమాన్‌లో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం పడుతుంది. పైకప్పు లేని గోడ ఒకటి తీసుకోండి, 10 మీటర్ల పొడవు, 45 సెంటీమీటర్ల మందం. దాని నెత్తి వైశాల్యం 4.5 చదరపు మీటర్లు. ఏడాదిలో ఆ నెత్తి మీద పడే నీరు 13,500 లీటర్లు. నెత్తి సరిగ్గా మూసి, వాలు పెడితే అందులో ఎక్కువ భాగం బయటికి జారిపోతుంది. విచ్చుకుని ఉంటే గోడ కడుపులోకి దిగి, సున్నాన్ని కొంచెం కొంచెం కడిగేస్తుంది. సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పు ఆ తడితో లోపలికి చేరి, ఎండాకాలంలో ఇటుక పైపొర కింద గడ్డకట్టి పెచ్చులు లేపుతుంది. 2004 సునామీ తెచ్చిన భూకంపంతో పోర్ట్‌బ్లెయిర్ చుట్టుపక్కల నేల సుమారు ఒక మీటరు కుంగింది. సముద్రం ముందుకంటే దగ్గరైంది. భూకంప తీవ్రతలో అండమాన్‌ను అతి ప్రమాదకర మండలంలో లెక్కించి చాలా ఏళ్లయింది.

ఇది కూలితే దెబ్బ తగిలేది ఎవరికో చెప్పుకుందాం.

1. పడవ మీద ఆధారపడ్డ కుటుంబాలు. పోర్ట్‌బ్లెయిర్‌లోని అబర్డీన్ జెట్టీ నుంచి రాస్‌కు మనుషుల్ని చేర్చే పడవల్లో సరంగు, సహాయకుడు, టికెట్టు రాసే మనిషి, జెట్టీ బయట కొబ్బరిబోండాలు, చాయ్ అమ్ముకునేవాళ్లు ఉన్నారు. ఒక్క గోడ పడి ఒక్క సందర్శకుడికి దెబ్బ తగిలితే ముందు మూసేది దీవినే. విచారణ పూర్తయ్యేదాకా ఎన్ని నెలలైనా వాళ్లకు రోజు కూలి ఉండదు. మరమ్మతుకు పనికొచ్చే జనవరి-ఏప్రిల్ పొడి కాలం సందర్శకులు ఎక్కువగా వచ్చే కాలంలోనే పడుతుంది కాబట్టి, ప్రమాదం జరిగాక హడావుడిగా పని మొదలుపెడితే ఆ నష్టం సరిగ్గా సంపాదన కాలం మీదే పడుతుంది.

2. గైడ్లు. బంగళా ఎదురుగా నిలబడి చెప్పడానికి బంగళా ఉండాలి. ఇటుకల కుప్పను చూపిస్తూ చెప్పే మాటకు పిల్లలెవరూ ఆగరు.

3. బడి పిల్లలు. ద్వీపాల్లో బెంగాలీ, తమిళ, తెలుగు, మలయాళ, హిందీ, నికోబారీ మాట్లాడే ఇళ్ల పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చుంటారు. వారిలో శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లి స్థిరపడ్డ మత్స్యకార, కూలీ కుటుంబాల పిల్లలూ ఉన్నారు. యుద్ధం తమ ఊరిదాకా వచ్చిందని చేత్తో తాకి తెలుసుకునే చోట్లు వాళ్లకు ఎక్కువ లేవు.

4. జపాన్ పాలనలో తమవాళ్లను పోగొట్టుకున్న ఇళ్లు. ఆ కుటుంబాల మనవలు ఇంకా ఆ ఊళ్లలోనే ఉన్నారు. ఎవరి ఆజ్ఞల మీద తమ తాతలు చనిపోయారో ఆ అధికారం కొలువుతీరిన ఇల్లు ఇది. ఇది నేలమట్టమైతే వాళ్ల దుఃఖానికి ఉన్న సాక్ష్యాల్లో ఒకటి తగ్గుతుంది.

5. సందర్శకుల ప్రాణం. వేళ్ల మీద ఎక్కి ఫొటో దిగడం చాలామంది చేసే పని. 4 మీటర్ల గోడ ఒరిగితే ఇటుకలు 6 మీటర్ల దాకా చిమ్ముతాయని లెక్క వేసుకోవాలి. ఆ దూరంలో ఇప్పుడు పిల్లలు ఆడుకుంటున్నారు.

ఈ నష్టాలు తప్పించడానికి కావలసింది గొప్ప యంత్రాలు కాదు. పని వరస, ఓపిక, సరైన సామాను. మా డిమాండ్లు ఇవి.

1. ఎవరి బాధ్యతో ఒకే కాగితం మీద రాయండి. బంగళా ప్రాంగణంలోని గోడలు, చెట్లు, దారులు, కంచె అన్నిటికీ ఒకే బాధ్యుడు. ఆ బాధ్యుడి కింద ఒక కట్టడ ఇంజినీరు, ఒక వృక్ష నిపుణుడు, ఒక సున్నపు పని మేస్త్రీ. ఈ ముగ్గురూ కలిసి గోడ దగ్గర నిలబడి ఒప్పుకోకుండా ఒక్క వేరు కూడా కోయకూడదు, ఒక్క ఇటుక కూడా కదపకూడదు.

2. ముట్టుకునే ముందు కొలవండి. ప్రతి గోడనూ అన్ని వైపుల నుంచీ, కొలత కర్ర కనిపించేలా, ఒకదానిమీద ఒకటి మూడింట రెండు వంతులు కలిసేలా ఫొటోలు తీసి త్రీడీ నమూనా చేయాలి. పగుళ్ల మీద గీతలున్న ప్లాస్టిక్ గేజీలు అతికించాలి. గోడ ఒరిగింది ఎంతో గుండు కట్టిన దారంతో కొలిచి రాసుకోవాలి. నెలకోసారి, ప్రతి తుపాను తర్వాత, ప్రతి భూకంపం తర్వాత మళ్లీ కొలవాలి. ఒక నెలలో అర మిల్లీమీటరు కదిలినా ఆ గోడ చుట్టూ వెంటనే దారి మూసేయాలి. గేజీల ఖర్చు చాలా తక్కువ. కొలిచే మనిషికి నెలకు ఒక పూట చాలు.

3. చెట్లను మూడు తరగతులుగా విడదీయండి. మా లేఖలో ముఖ్యమైన డిమాండు ఇదే.

పెన్సిల్ కంటే సన్నగా ఉన్న మొలకలు మొదటి తరగతి. వీటిని వానాకాలం అయిపోగానే, నేల ఇంకా మెత్తగా ఉండగానే వేరుతో సహా చేత్తో తీసేయాలి. ఆ సందును లోపలిదాకా శుభ్రం చేసి అదే రోజు సున్నం నింపాలి, లేకపోతే మళ్లీ అక్కడే మొలుస్తుంది. పైన కోసి వదిలితే ఒకటి పోయి నాలుగు చిగుళ్లు వస్తాయి. మొక్కై వంగనిది మానై వంగదన్న సామెత ఈ గోడలకు అక్షరాలా వర్తిస్తుంది. రావి మొలక పీకడానికి పనివాళ్లు వెనకాడటం మన దగ్గర మామూలే. వాళ్ల నమ్మకాన్ని తోసిపుచ్చనక్కర్లేదు. తీసిన మొలకను కుండీలో పెట్టి, కట్టడాలకు దూరంగా నాటితే సరిపోతుంది.

గోడ మందం లోపలికి దూరి, మణికట్టు దాకా లావెక్కినవి రెండో తరగతి. గోడను లోపలి నుంచి చీలుస్తున్నవి ఇవే. వీటిని లాగకూడదు. లాగితే వేరుతోపాటు వరసలు ఊడివస్తాయి. ముందు గోడకు ఊతం పెట్టాలి. పైనుంచి ఒక్కో వరస ఇటుకలకు సుద్దతో నంబరు వేసి, ఫొటో తీసి, దించి, వేరు కనిపించాక కోసి తీసి, అవే ఇటుకలతో అదే వరసలో తిరిగి కట్టాలి. తీయడానికి వీలుకాని మొదలు మిగిలితే, దానికి సన్నటి రంధ్రం చేసి కలుపు మందు చుక్కలుగా లోపలికే పట్టించాలి. పిచికారీ వద్దు. యాసిడ్ అసలే వద్దు, అది వేరుకంటే ముందు సున్నాన్ని తింటుంది. ఉప్పు పోయడం, డీజిల్ పోయడం, నిప్పు పెట్టడం కూడా గోడకే చేటు.

గోడను బయటి నుంచి కౌగిలించుకున్న పెద్ద మానులు మూడో తరగతి. వీటిని ఉంచాలి. వీటి బలం గోడకు కావాలి. ప్రమాదం వీటి గొడుగుతో వస్తుంది, తుపాను గాలికి ఆ గొడుగు తెరచాపలా పట్టుబడి గోడను ఊపుతుంది. అందుకని కొమ్మలు తేలిక చేయాలి, కానీ ఒక ఏడాదిలో ఐదో వంతుకు మించకుండా, రెండు వైపులా సమానంగా, ఫిబ్రవరి చుట్టుపక్కల పొడి రోజుల్లో. కొమ్మ మెడ దగ్గర శుభ్రంగా కోయాలి, మొండి ముక్క వదలకూడదు, తారు పూయకూడదు. లోపల పుచ్చు ఉందేమోనని సన్నటి సూది డ్రిల్లుతో మొదలు చూడాలి. దీపాలకో తీగలకో ఈ వేళ్లకు మేకులు, బోల్టులు దిగేయకూడదు.

ఇలాంటి పని మన దేశానికి కొత్తేం కాదు. కంబోడియాలో తా ప్రోమ్ ఆలయం దగ్గర చెట్లనూ రాళ్లనూ కలిపి కాపాడే పనిలో మన పురావస్తు శాఖ ఏళ్ల తరబడి ఉంది. పరాయి దేశంలో చేయగలిగింది మన దీవిలో ఎందుకు చేయలేం?

4. సిమెంటు సంచి దీవిలోకి రానివ్వకండి. ఇది చిన్న మాటగా తీసుకోవద్దు. సిమెంటు పాత ఇటుక కంటే గట్టిది, తడిని బయటికి వదలదు. దాని వెనక ఉప్పు నీరు చేరి, మెత్తటి ఇటుకే పెచ్చులుగా రాలుతుంది. కొన్నేళ్లకు సిమెంటు గీతలు మాత్రం నిలబడి, మధ్యలో ఇటుకలు గుంటలు పడి కనిపిస్తాయి. హైదరాబాద్‌లో కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర పాత సిమెంటు పూతను ఒలిచేసి సున్నంతో మళ్లీ పని చేయాల్సి వచ్చింది. ఆ రెండుసార్ల ఖర్చు రాస్‌లో ఎందుకు?

5. సున్నం ఎలా తేవాలో ముందే తేల్చండి. ఒకప్పుడు ద్వీపాల్లో పగడపు రాయి కాల్చి సున్నం చేశారు. ఇప్పుడు పగడాన్ని తవ్వి తీయడం నేరం, ముట్టుకోకూడదు కూడా. కాబట్టి సున్నం నేల మీది నుంచే రావాలి. ఇక్కడ తెలుగు నేల నేరుగా ఉపయోగపడుతుంది. పల్నాడులో పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు పేరు, విశాఖ నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు ఓడ ఉంది. కానీ కాల్చిన రాతి సున్నాన్ని సంచుల్లో ఓడెక్కించకండి. కాస్త తడి తగిలినా అది ఉడికిపోతుంది, పక్కనున్న చెక్క, గోనె అంటుకునేంత వేడి పుడుతుంది. ఓడెక్కించే ముందే ఒడ్డున నీళ్లలో వేసి ఉడకనిచ్చి, జల్లెడ పట్టి, మూడు నెలలైనా నానబెట్టి, పైన వేలెడంత నీరు నిలిచేలా మూత బిగించిన ప్లాస్టిక్ డ్రమ్ముల్లో వెన్నలాంటి ముద్దగా పంపాలి. అలా పంపిన సున్నం ఎంత కాలం ఉంటే అంత బాగుపడుతుంది.

ఎంత కావాలో కూడా చెబుతాం, ఎందుకంటే ఖర్చు పేరు చెప్పి ఫైలు పక్కన పెట్టడం తేలిక. 10 మీటర్ల పొడవు, 3 మీటర్ల ఎత్తున్న గోడకు రెండు వైపులా సందులు 30 మిల్లీమీటర్ల లోతు తవ్వి నింపడానికి, వృథాతో కలిపి, సుమారు 400 లీటర్ల సున్నపు మిశ్రమం సరిపోతుంది. ఒక పాలు సున్నపు ముద్ద, ఒక పాలు మెత్తగా దంచిన ఇటుక పొడి, అంటే సుర్ఖీ, రెండు పాళ్లు ఇసుక అనుకుంటే ముద్ద 130 లీటర్లు, సుర్ఖీ 130, ఇసుక 260. కలిపితే కుంచించుకుని ఆ 400 వస్తుంది. 200 లీటర్ల డ్రమ్ము ఒక్కటి తెస్తే ఆ గోడకు వాడగా ఇంకా మిగులుతుంది. కలిపే పాళ్లు మాత్రం పాత సున్నం ముక్కను పరీక్షించాకే ఖాయం చేసుకోవాలి. సుర్ఖీ తప్పనిసరి. గాలిలో ఇంత తడి ఉండే చోట ఒట్టి సున్నం గట్టిపడటానికి చాలా కాలం పడుతుంది, కాల్చిన ఇటుక పొడి దానికి నీళ్లలోనూ బిగిసే గుణం ఇస్తుంది. సుర్ఖీకి బాగా కాలని మెత్తటి ఇటుక కావాలి, నల్లగా మాడినది పనికిరాదు.

ఇసుక విషయంలో జాగ్రత్త. ద్వీపాల్లో ఇసుక కరువు, పక్కనే బీచ్ ఉందని చేయి చాపాలనిపిస్తుంది. సముద్రపు ఇసుక వేస్తే ఉప్పును మన చేతులతో మనమే గోడలోకి ఎక్కించినట్టు. ఇసుక కడిగిన నీళ్లలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేయండి, పాలలా విరిగితే ఆ ఇసుక వద్దు.

6. పని చేసే తీరు రాతపూర్వకంగా ఉండాలి. సందు వెడల్పుకు రెట్టింపు కంటే తక్కువ కాకుండా లోతు తవ్వడం, దుమ్ము ఊదడం, మంచి నీళ్లతో తడపడం, సున్నాన్ని పొరలుగా కూరి నొక్కడం, ఆపై కనీసం రెండు వారాలు తడి గోనెసంచులు కప్పి ఉంచడం. జనవరిలో పని మొదలైతే ఎండ సున్నాన్ని తొందరగా ఆరబెట్టి పొడి చేస్తుంది, కాబట్టి నీడ పరదాలు కట్టాలి. మే నెల వానలు దిగేలోపు గోడ నెత్తులన్నీ సుర్ఖీ సున్నంతో వాలుగా మూసేయాలి. ఒక్క ఏడాదిలో వేరే ఏ పనీ జరగకపోయినా ఈ నెత్తుల పని ఆపకూడదు.

7. ఊతాలు. ఉప్పు గాలిలో మామూలు ఇనుప గొట్టాలు తుప్పు పట్టి, ఒక వానాకాలం దాటగానే ఊతం పేరుకే మిగులుతుంది. గట్టి కలప గానీ, జింకు పూత ఉన్న ఉక్కు గానీ వాడాలి. గోడకు తగిలే చోట రబ్బరు దిండు పెట్టాలి. కింద పాదం వేరు మీద కాకుండా వెడల్పు పలక మీద నిలవాలి.

8. దూరం, దారి. గోడ ఎత్తుకు ఒకటిన్నర రెట్ల దూరంలో నడుము ఎత్తు కంచె వేయండి. వేళ్ల మీదికి ఎక్కనివ్వకండి, చెప్పుల రాపిడికి బెరడు ఊడి అక్కడి నుంచే పుచ్చు మొదలవుతుంది. నడక దారిని నేలకు ఒక జానెడు ఎత్తున చెక్క పలకలతో వేస్తే వేర్ల మీద మట్టి గట్టిపడదు. దీవిలోని జింకలు మొలకలు మేసేయడం వల్ల వాలు మీద గడ్డి పట్టక, వానకు మట్టి కొట్టుకుపోయి పునాదులు బయటపడే ప్రమాదం ఉంది. పునాది పక్కన కొంత మేర జింకలు రాకుండా చిన్న దడి కట్టి గడ్డి పెంచండి. పాత వాన కాలువలు ఎక్కడున్నాయో వెతికి పూడిక తీయండి, కొత్తవి తవ్వాల్సిన అవసరం చాలా చోట్ల ఉండదు.

9. పడిన ఇటుకలు దీవి దాటకూడదు, దారి పరచడానికి వాడకూడదు. ఏ గోడ దగ్గర పడితే ఆ గోడ దగ్గరే పలకల మీద పేర్చి, గుర్తు రాయండి. తిరిగి కట్టేటప్పుడు వాటికి సమానమైన ఇటుక ఎక్కడా దొరకదు.

10. పలక మీద మొత్తం కథ రాయండి. 1943 డిసెంబర్‌లో నేతాజీ ఇక్కడ బస చేశారన్న మాట ఎంత పెద్ద అక్షరాలతో ఉంటుందో, ఇదే ఇంటి నుంచి నడిచిన పాలనలో దివాన్ సింగ్, హంఫ్రీగంజ్ మృతులు, సెల్యులార్ జైల్లో ఊపిరి వదిలినవారు ఉన్నారన్న మాటా అంతే పెద్దగా ఉండాలి. అంతకుముందు ఈ ఇల్లు కట్టడానికి రాళ్లు మోసిన ఖైదీల మాట కూడా. నేతాజీ మీద గౌరవం ఉన్నవాళ్లం కాబట్టే ఇది అడుగుతున్నాం. హిందీ, ఇంగ్లీషులతో పాటు బెంగాలీ, తమిళం, తెలుగు, మలయాళం, నికోబారీ భాషల్లోనూ ఉండాలి. పలకను గోడకు దిగ్గొట్టకుండా విడిగా నిలబెట్టండి.

11. పని ఇక్కడివాళ్లకు నేర్పించండి. బయటి నుంచి వచ్చిన బృందం ఒక సీజను పని చేసి వెళ్లిపోతే, మర్నాటి మొలకను పీకేవాళ్లు ఉండరు. హైదరాబాద్‌లో కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర డంగు సున్నం (గానుగలో నూరిన సున్నం) పనిలో చేయి తిరిగిన మేస్త్రీలు ఉన్నారు. అలాంటివాళ్లు ఇద్దరిని నాలుగు నెలలు పిలిపించి, పోర్ట్‌బ్లెయిర్ యువకుల్లో ఆరుగురికి పని నేర్పితే, ఆపై ఏటా రెండుసార్లు గోడ నెత్తులు చూసి మొలకలు తీసే పని ఆ ఆరుగురే చేసుకోగలరు. వాళ్లకు అది ఏటా వచ్చే కూలి అవుతుంది.

ఈ పదకొండింటిలో అన్నీ ఒకే ఏడాది జరగవని మాకు తెలుసు. మొదటి ఏడాది 1, 2, 8 డిమాండ్లు, గోడ నెత్తులు మూయడం, పెన్సిల్ కంటే సన్నటి మొలకలు తీయడం చాలు. మణికట్టు లావు వేళ్ల పని గేజీలు ఒక పూర్తి ఏడాది కొలిచాకే మొదలుపెట్టాలి. ఏ గోడ కదులుతోందో, ఏ గోడ నిలకడగా ఉందో అప్పటికి గాని తెలియదు. పెద్ద మానుల కొమ్మలు మాత్రం వృక్ష నిపుణుడు చూసిన వెంటనే, తుపాను కాలానికి ముందే తేలిక చేయాలి.

సున్నం నానడానికే మూడు నెలలు, ఓడకు వారం. జనవరిలో తాపీ పట్టాలంటే సెప్టెంబర్‌లో సున్నం నీళ్లలో పడాలి. కాబట్టి బాధ్యుడి పేరూ, మొదటి ఏడాది పనుల జాబితా తేదీలతో సహా ఆగస్టు నెలాఖరులోపు అందరికీ తెలిసేలా ప్రకటించమని కోరుతున్నాం. ప్రకటించిన జాబితాను అబర్డీన్ జెట్టీలో టికెట్ల కిటికీ పక్కన అంటించండి. పడవవాళ్లు రోజూ చదువుకునే చోటు అదే.

ఇట్లు,
పాత కట్టడాల మరమ్మతు పని చేసే తెలుగు మేస్త్రీలు, ఇంజినీర్లు, చెట్ల సంరక్షకులు